బ్రాకెట్‌లో ‘ఓ’

2025లో, దసరాకి వారం ముందు మా చెల్లెలు ఖమ్మం నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. మారుతి వ్యాగన్ఆర్ కారు బ్రోచర్ చివరి పేజీ. ఎడమ వైపు సామాన్ల జాబితా, పైన చవక మోడల్ నుంచి ఖరీదైనదాని దాకా ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ, జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్ అని నాలుగు గడులు, లోపలంతా టిక్కులూ గీతలూ. అందులో ఒక టిక్కు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. “అన్నయ్యా, ఇదొక్కటి కావాలంటే లక్ష ఎక్కువ పెట్టాలట. మీ బావ నవ్వుతున్నాడు. నువ్వేమంటావ్?”

సరిగ్గా చూడకుండానే ఫోన్ చేసి, “వీఎక్స్‌ఐ తీసుకో, కళ్లు మూసుకుని” అనేశాను. ఆరేళ్లుగా ఎవరడిగినా ఇదే చెప్తున్నాను. బేస్ మోడల్ తీసుకుంటే చివరికి అన్నీ బయట పెట్టించుకోవాలి, టాప్ ఎండ్ తీసుకుంటే సోకుకి డబ్బులు, మధ్యది తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మా ఆఫీసులో నలుగురూ, అపార్ట్‌మెంట్‌లో ఇద్దరూ నా మాట విని మధ్యదే కొన్నారు. ఎవరూ తిట్టలేదు.

ఫోన్ పెట్టేశాక ఆ ఎర్ర సున్నాని పెద్దది చేసి చూశాను. అది ‘డ్రైవర్ సీట్ హైట్ అడ్జస్టర్’ అన్న వరుస. ఎల్‌ఎక్స్‌ఐకి గీత, వీఎక్స్‌ఐకి గీత, జెడ్‌ఎక్స్‌ఐ దగ్గరికొస్తే గానీ టిక్కు లేదు. మా చెల్లెలు 4 అడుగుల 11 అంగుళాలు. కూసుమంచి దగ్గర స్కూల్లో టీచరు. రోజూ బండి నడపబోయేది తను, మందుల షాపు నడిపే మా బావ కాదు. ఆయనకి స్కూటరుంది.

అప్పుడనిపించింది, కళ్లు మూసుకుని అని చెప్పింది నేనే కదా, మూసుకున్నది ఎవరి కళ్లు అని.

2019, శ్రావణమాసం

మేం బండి కొన్నది 2019లో. కొత్త వ్యాగన్ఆర్ ఆ జనవరిలోనే వచ్చింది. ఆషాఢం పోయేదాకా ఆగి, శ్రావణంలో బెజవాడలో ఒక షోరూంకి వెళ్లాం. నేనూ, మా ఆవిడా, అమ్మా. కొటేషన్ కాగితం మీద వీఎక్స్‌ఐ కింద ఇంకో వరుస ఉంది: వీఎక్స్‌ఐ, పక్కనే బ్రాకెట్‌లో ఓ. ధర పది వేల లోపే ఎక్కువ. ఇదేంటని అడిగాను.

“ఓ అంటే ఆప్షనల్ సర్. పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ వస్తుంది. మామూలుగా ఎవరూ అడగరు సర్. అది కావాలంటే ఆరు వారాలు వెయిటింగ్. ఇదయితే యార్డులో రెడీగా ఉంది, శుక్రవారానికి ఇచ్చేస్తాం.”

ఆ శుక్రవారానికి అమ్మ అప్పటికే ముహూర్తం పెట్టించేసింది. ఉదయం తొమ్మిదీ నలభై. నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. యార్డులో ఉన్నదే చాలన్నాను.

ఆ నిమిషంలో మా ఆవిడ అక్కడ లేదు. రెండు గజాల అవతల రంగుల చార్టు చూస్తోంది. ఆ సీటులో కూర్చోబోయేది ఆవిడ. ఆవిడని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. డ్రైవర్‌కి ఎయిర్‌బ్యాగ్ ఆ జులై నుంచే అన్ని కార్లలోనూ తప్పనిసరి అయింది కాబట్టి నా ముందు ఒకటి ఎటూ ఉంది. పక్క సీటుది మాత్రం మా ఇష్టానికి వదిలేశారు. మా ఇష్టం అంటే, నా ఇష్టం.

ఇందులో నన్ను ఇప్పటికీ గుచ్చేది డబ్బు కాదు. అదే రోజు అదే టేబుల్ దగ్గర యాక్సెసరీస్‌కి 14 వేలు కట్టాను. సీటు కవర్లు, మ్యాట్లు, డోర్ హ్యాండిల్స్ మీద క్రోమ్ తొడుగులు, డాష్‌బోర్డు మీద అంటించే వెంకటేశ్వరస్వామి. క్రోమ్ రెండో వానాకాలానికే పొట్టు రాలింది. స్వామి మాత్రం ఉన్నాడు. ఎయిర్‌బ్యాగ్ లేని వైపుకి కొంచెం జరిగి ఉన్నాడు, ఆ విషయం తర్వాతెప్పుడో గమనించాను.

తర్వాత రెండేళ్లకి సంక్రాంతి అయ్యాక హైదరాబాద్ నుంచి వస్తున్నాం. కంచికచర్ల దగ్గర డివైడర్ మధ్యలోంచి ఒక గేదె తీరిగ్గా రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు మీద నిలబడ్డాను. పాదం కింద పెడల్ గుడగుడలాడింది, ఏబీఎస్ పని చేస్తోందన్నమాట. బండి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, గేదెకి కూడా. కానీ నా ఎడమచెయ్యి స్టీరింగ్ వదిలేసి మా ఆవిడ ఛాతీకి అడ్డంగా చాచి ఉంది. ఎప్పుడు వెళ్లిందో నాకు తెలీదు.

ఆవిడ ఆ చేతిని మెల్లగా పక్కకి తీసి, “ఇదేనాండీ నాకు మీరు పెట్టించిన ఎయిర్‌బ్యాగ్?” అంది.

తనకి తెలుసని నాకు అప్పటిదాకా తెలీదు. గ్లోవ్ బాక్స్‌లో ఉన్న మాన్యువల్ ఎప్పుడో చదివిందట. నేను చదవలేదు.

మెట్ల మీంచి దిగిన సంగతులు

వీఎక్స్‌ఐ మీద నా నమ్మకం వెనక ఉన్న కథ ఇదీ. అది ఆలోచించి ఎంచుకున్నది కాదు. ముహూర్తానికి యార్డులో దొరికినది. దానికి తర్వాత ఆరేళ్లపాటు నేను సిద్ధాంతం అల్లుకున్నాను.

అయితే ఇప్పటి కొనుగోలుదారుకి నా తప్పు చేసే అవకాశం లేదు. 2021 ఆఖరికల్లా ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ఆ బ్రాకెట్టూ, ఆ ఓ కాగితం మీంచి మాయమయ్యాయి. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామన్న ప్రతిపాదన మాత్రం వాయిదాలు పడి పడి, 2023లో పక్కకి పోయింది. అయినా 2025లో కంపెనీయే వ్యాగన్ఆర్‌లో కింది నుంచి పైదాకా అన్నిటికీ ఆరు పెట్టేసింది. అంటే ఇవాళ ఎల్‌ఎక్స్‌ఐ కొన్నవాడికీ, జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్ కొన్నవాడికీ ఎయిర్‌బ్యాగుల లెక్కలో తేడా లేదు.

దీంతో ‘ప్రాణం కన్నా ఎక్కువా, టాప్ తీసుకో’ అన్న పాత వాదానికి కాళ్లు విరిగిపోయాయి. నిజానికి దానికి ఒక కాలు మొదటినుంచీ లేదు. కార్ల భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు ఈ బండిని 2019లో గుద్ది చూసి పెద్దవాళ్ల రక్షణకి 2 స్టార్లు ఇచ్చారు. 2023లో, పరీక్ష కఠినం చేశాక, ఒక్క స్టారే ఇచ్చారు. బాడీ గట్టిగా నిలబడలేదన్నారు. అప్పుడు బండిలో ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. అంటే గాలి సంచులు వేరు, ఇనుము వేరు. ఏ మెట్టు మీద కొన్నా ఇనుము ఒకటే. ఆ స్టార్ల గురించి బెంగపడేవాళ్లు చూడాల్సింది ఇంకో బండిని, ఇదే బండిలో పై వేరియంట్‌ని కాదు.

పనిలో పనిగా ఒక మాట. ఇప్పుడొచ్చే ఆరింటిలో రెండు ముందు సీట్ల పక్కభాగంలోనే దాగి ఉంటాయి. మనవాళ్లు డెలివరీ అయిన సాయంత్రమే ఆటోనగర్ వెళ్లి చేసే మొదటి పని సీట్ల మీద బిగుతుగా రెక్సిన్ తొడిగించడం. సైడ్ ఎయిర్‌బ్యాగ్ కోసం పక్కన కుట్టు విడిపోయేలా చేసిన కవర్ అయితే సరే. కాకపోతే వచ్చిన సంచీని మనమే మూట కట్టేసినట్టు. బ్రోచర్‌లో టిక్కు ఉంటుంది, సీటులో పని చెయ్యదు.

టెస్ట్ డ్రైవ్ బండి ఏది?

మళ్లీ ఖమ్మం. రెండు రోజుల తర్వాత చెల్లెలూ బావా షోరూంకి వెళ్లారు. టెస్ట్ డ్రైవ్‌కి ఇచ్చింది జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్. ఎప్పుడూ అంతే. మాకు కూడా 2019లో పై మోడలే ఇచ్చారు, మేం కొన్నది వేరే. ఒంటికి ఒక బండి చూపిస్తారు, పర్సుకి ఇంకో బండి అమ్ముతారు. ఈ బండిలో అయితే ఇంజినే మారిపోతుంది: ఎల్‌ఎక్స్‌ఐ, వీఎక్స్‌ఐలకి 998 సీసీ మూడు సిలిండర్లు, జెడ్‌ఎక్స్‌ఐ నుంచి 1197 సీసీ నాలుగు సిలిండర్లు. చెల్లెలు సీటు పైకి లేపుకుని, బైపాస్ మీద నాలుగు కిలోమీటర్లు నడిపి, “బాగుంది” అంది. బావ ఆ ‘బాగుంది’ని పట్టుకుని ఎల్‌ఎక్స్‌ఐ బుక్ చెయ్యబోయాడు.

తను ఒప్పుకోలేదు. యార్డులో ఉన్న ఎల్‌ఎక్స్‌ఐ చూపించమంది. తీసుకెళ్లి కూర్చోబెట్టారు. సీటు ముందుకి జరుపుకుంటే క్లచ్ అందింది గానీ స్టీరింగ్ పొట్టకి వచ్చింది. వెనక్కి జరిగితే బానెట్ అంచు కనపడటం లేదు. అక్కడి కుర్రాడు సాయం చేద్దామని, “మేడమ్, చాలామంది కుషన్ వేసుకుంటారు” అన్నాడు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఈ మాట చెప్పి, “కుషన్ వేసుకోనా అన్నయ్యా?” అని అడిగింది. వెటకారంగా కాదు, నిజంగానే. లక్ష రూపాయలకి పరిష్కారం నాలుగొందల కుషన్ అయితే అడగడంలో తప్పేముంది?

నేను మర్నాడు ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక సీటింగ్ మేస్త్రీని అడిగాను. మా సీటు కవర్లు కుట్టింది ఆయనే. “కుషన్ వద్దండీ, బ్రేకు కొడితే మనిషితో సహా ముందుకి జారుద్ది” అన్నాడు. ఆ తర్వాత ఉత్సాహంగా, “పట్టా కింద బోల్టుల దగ్గర స్పేసర్లేసి అంగుళంన్నర లేపేస్తా, రెండు వేలు” అన్నాడు. మొదటి మాట ఎంత సరైందో రెండోది అంత ప్రమాదం. నేలకి సీటుని పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే. వద్దని చెప్పి టీ తాగి వచ్చేశాను.

దాంతో నాకో సంగతి తేలింది. పాటల పెట్టె బయట పెట్టించుకోవచ్చు. సెంట్రల్ లాకింగ్, రివర్స్ కెమెరా, అల్లాయ్ వీల్స్, వెనక స్పీకర్లు, అన్నీ ఆటోనగర్‌లో దొరుకుతాయి. చాలావరకూ బ్రోచర్ ధరకన్నా చవగ్గా. దొరకనిది, నడిపేవాళ్ల ఒంటికి బండిని సరిపెట్టే ఏర్పాటు. బయట దొరికేవాటిని చూసి మెట్టెక్కేవాళ్లే ఎక్కువ. టచ్ స్క్రీన్ దగ్గర ఆగే చూపు హైట్ అడ్జస్టర్ అన్న వరుస దాకా రాదు. అమ్మేవాళ్లకీ అది తెలుసు. అందుకే ఆ వరుస స్క్రీన్ ఉన్న పేజీలో ఉండదు, చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సీటు పైకి లేవాలంటే పెద్ద ఇంజిన్ కొనాలి, వెనకద్దం వైపర్ కొనాలి, ఇంకో పది కొనాలి. వక్కపొడి అడిగితే పెళ్లి తాంబూలం మొత్తం బిల్లు వేసినట్టు. మా బావే రోజూ కొత్తగూడెం తిరిగే మనిషై, గ్యాస్ బండి కావాలనుకుంటే అసలు దారే లేదు. సీఎన్‌జీ కింది రెండు మెట్ల మీదే ఇస్తారు. పొట్టివాళ్లు సీఎన్‌జీ నడపరని ఎవరు తేల్చారో.

బావ లెక్క

మా బావ పిసినారి కాదు. ఆయన వాదం నేను తేలిగ్గా తీసిపారేశాననుకుంటారేమో, అంత తేలిక కాదది.

ఎల్‌ఎక్స్‌ఐకీ జెడ్‌ఎక్స్‌ఐకీ ఎక్స్‌షోరూంలోనే దాదాపు లక్ష తేడా. పైగా తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ 5 లక్షల లోపు బండికి 13 శాతం, దాటితే 14. ఎల్‌ఎక్స్‌ఐ ఆ గీతకి వెయ్యి రూపాయల కింద నిలబడింది. మెట్టెక్కగానే ట్యాక్సులోనే 18 వేల పైచిలుకు పెరుగుతుంది. ఇన్సూరెన్స్ కూడా కలుపుకుంటే లక్షా ఇరవై. దాన్ని అయిదేళ్ల లోన్‌లో వేస్తే నెలకి 2,500. “మా చిన్నదాని ట్యూషన్ ఫీజు బావా అది. సీటు ఎత్తుకా, దాని చదువుకా?” అన్నాడు నాతో.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎవరి డబ్బుతోనో మెట్లెక్కమనడం నాకు సులువే. చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది కాబట్టి పై మోడల్ తీసుకో అని చెప్పేవాళ్లని చూస్తే నాకే చిరాకు. తగ్గిన డబ్బు జేబులో ఉండకూడదా? బేస్ మోడల్ అనేది స్కూటరు మీద నలుగురు వెళ్లే ఇంటికి మొదటి మెట్టు. దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. మా నాన్న బతికుంటే ఎల్‌ఎక్స్‌ఐ కొని పదిహేనేళ్లు నడిపేవాడు, తుడిచి తుడిచి.

రీసేల్ మాట ఎత్తి పై మోడల్‌ని సమర్థిద్దామనుకున్నా. అదీ నిలవదు. సెకండ్ హ్యాండ్ కొనేవాడు అడిగేది ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది చేతులు మారింది అని. పైన పెట్టిన లక్షలో పదేళ్ల తర్వాత చేతికొచ్చేది ఎంతో చెప్పలేం.

అందుకే బావతో డబ్బు గురించి వాదించలేదు. ఒక్కటే అడిగాను: “బావా, ఎల్‌ఎక్స్‌ఐ సీటులో నువ్వు కూర్చున్నావా?” కూర్చున్నాడట. బాగానే ఉందట. ఆయన 5 అడుగుల 8 అంగుళాలు.

నా వాదమంతా అక్కడే ఉంది. బ్రోచర్ పట్టికని పైనుంచి కిందకి చదువుతాం. ఎక్కువ టిక్కులున్నది మంచిది, తక్కువున్నది చవక. నేను అనేది, ఒక్కో సీటు తీసుకుని అందులో కూర్చునే మనిషి పేరు రాసి చదవమని. మా అమ్మ వెనక ఎడమవైపు కూర్చుంటుంది. ఎల్‌ఎక్స్‌ఐలో వెనక కిటికీలకి తిప్పుడు పిడి. అమ్మ కుడి మణికట్టు అరిగిపోయి స్పూను తిప్పడమే కష్టం. బటన్ కిటికీ మాకు లగ్జరీ కాదు, దాని కోసం వీఎక్స్‌ఐ మెట్టు ఎక్కడం న్యాయమే. అదే ఇంట్లో వెనక కూర్చునేది ఇద్దరు కుర్రాళ్లయితే పిడి తిప్పుకుంటారు, ఒళ్లొంగుతుంది. అలాగే జెడ్‌ఎక్స్‌ఐలో వచ్చే వెనకద్దం వైపర్. ఈ బండి వెనక భాగం పెట్టెలా నిటారుగా ఉంటుంది, వానలో కిలోమీటరు పోయేసరికి అద్దం బురద పూత. మాకు అది లేదు, తిరువూరులో టీకి ఆగినప్పుడు గుడ్డతో తుడుచుకుంటాం. నెలకి రెండుసార్లు ఊరు దాటే మాకు గుడ్డ చాలు. జులై నుంచి అక్టోబరు దాకా రోజూ సూర్యాపేట రోడ్డు మీద ఇసుక లారీల ముందు నడపాల్సిన టీచరుకి గుడ్డ చాలదు.

ఈ లెక్కలో ఒక ఇంటికి ఎల్‌ఎక్స్‌ఐ సరైన జవాబు కావచ్చు. నేను అందరికీ వీఎక్స్‌ఐ అని చెప్పింది తప్పు. అంతకన్నా, అడిగినవాళ్లని ఎవరు నడుపుతారు, ఎవరు వెనక కూర్చుంటారు అని ఒక్కసారీ తిరిగి అడక్కపోవడం తప్పు. ఆఫీసులో నా మాట విన్న నలుగురిలో ఒకాయన భార్య ఆ బండి ఎందుకు నడపడం మానేసిందో ఇప్పుడు అడగాలని ఉంది, ధైర్యం చాలడం లేదు.

జెడ్‌ఎక్స్‌ఐ ప్లస్ గురించి ఏమీ చెప్పలేదంటారేమో. చెప్పడానికేం లేదు. ఈ ఇంట్లో దాని మీద పేరు రాయగలిగిన సీటు లేదు.

ఆదివారం రాత్రి బావ ఫోన్ చేశాడు. చెల్లెలు వీఎక్స్‌ఐలో కూడా కూర్చుని చూసిందట, ఎల్‌ఎక్స్‌ఐకీ దానికీ తన నడుముకి తేడా తెలీలేదట. యాక్సెసరీస్ కాగితం మొత్తం కొట్టేయించి, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఒక్కటి ఉంచి, లోన్ ఏడేళ్లకి పెంచి, జెడ్‌ఎక్స్‌ఐ బుక్ చేశారు. వడ్డీ ఎక్కువవుతుందని నేను గొణిగాను. “తెలుసులే బావా. నెల నెలా కట్టేది మాత్రం ట్యూషన్ జోలికి పోదు” అన్నాడు.

దసరాకి బండి రాదు. జీఎస్టీ తగ్గాక బుకింగులు ఎక్కువై జెడ్‌ఎక్స్‌ఐ స్టాక్ లేదట, నెల పైన పడుతుందన్నారు. ఎల్‌ఎక్స్‌ఐ అయితే విజయదశమి పొద్దునే ఇస్తామన్నారట. చెల్లెలు వద్దంది. అమ్మ హాల్లో కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, పంచాంగంలో కార్తీకమాసం పేజీలు తిప్పుతోంది.